బాకీ వసూలుకు ఏ న్యాయస్థానం?

రావలసిన సొమ్ము నిజంగా రావలసినదే కావచ్చు. పత్రాలన్నీ సక్రమంగానే ఉండవచ్చు. అయినా వెళ్ళకూడని కోర్టులో దావా వేసినవాడు ముందు కాలాన్నీ, ఒక్కొక్కప్పుడు ఆ సొమ్మునూ కూడా పోగొట్టుకుంటాడు.

తమిళనాడులోని బోడినాయకనూరు ఏలకుల వ్యాపారానికి పేరు పొందిన పట్టణం. అక్కడి వర్తక సంస్థ ఒకటి ఢిల్లీకి చేర్చవలసిన సరుకును ఒక లారీ రవాణా కంపెనీకి అప్పగించింది. సరుకు ఢిల్లీ చేరింది. కాని అక్కడి గిడ్డంగిలో అగ్నిప్రమాదం జరిగి పాడైపోయింది. వర్తకులు తమ ప్రాంతంలోనే, పెరియకుళం సబ్ కోర్టులో, నష్టపరిహారానికి దావా వేశారు.

కంపెనీ లేవదీసిన అభ్యంతరం సరుకును గురించినది కాదు, కోర్టును గురించినది. తన ప్రధాన కార్యాలయం బొంబాయిలో ఉన్నదనీ, వివాదాలన్నీ బొంబాయి కోర్టులలోనే తేలాలని ఒప్పందంలో ఉన్నదనీ, కనుక పెరియకుళం కోర్టుకు ఈ దావా విచారించే అధికారమే లేదనీ వాదించింది. ఈ వాదం సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 1991లో అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పవలసివచ్చినది ఏలకుల ధర ఎంత అన్న దానిపై కాదు, నిప్పు ఎవరి అజాగ్రత్త వల్ల అంటుకున్నదన్న దానిపై కాదు. దావాను ఎక్కడ విచారించాలన్న ఒక్క ప్రశ్నపైనే. తీర్పు వర్తకులకు అనుకూలంగా వచ్చింది. అయితే అది గెలుపు కాదు, అసలు విచారణకు దారి మాత్రమే.

డబ్బు రావలసిన ప్రతి మనిషీ సాధారణంగా ఒకే ప్రశ్న వేసుకుంటాడు: “నా వైపు న్యాయం ఉన్నదా?” చట్టం మాత్రం అంతకంటె ముందు మరొక ప్రశ్న వేస్తుంది: “నీవు వచ్చినది సరియైన చోటికేనా?” ఈ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పలేనివాని మొదటి ప్రశ్నను వినే నాథుడుండడు.

అధికార పరిధి అంటే ఏమిటి?

సివిల్ స్వభావం గల వివాదాలన్నింటినీ సివిల్ కోర్టులు విచారించవచ్చునని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ తొమ్మిదవ సెక్షను చెబుతుంది. చట్టం ప్రత్యేకంగా నిషేధించినవి మాత్రమే దీనికి మినహాయింపు. అయితే ప్రతి కోర్టూ ప్రతి దావానూ విచారించలేదు. కోర్టు అధికారానికి మూడు సరిహద్దులున్నాయి: వివాదపు స్వభావం, దావా మొత్తం, స్థలం.

ఈ మూడూ ఒకే బలం గలవి కావు. వివాదపు స్వభావాన్ని బట్టి బొత్తిగా అధికారం లేని కోర్టు ఇచ్చిన డిక్రీ చెల్లదు. దాని చెల్లనితనాన్ని ఎప్పుడైనా, ఎక్కడైనా, చివరకు అమలు దశలో సైతం ప్రశ్నించవచ్చునని సుప్రీం కోర్టు 1954లో కిరణ్ సింగ్ కేసులో స్పష్టం చేసింది. ప్రతివాది అంగీకరించినంత మాత్రాన లేని అధికారం కోర్టుకు రాదు. స్థలం, మొత్తం విషయాలలో చట్టం కొంత ఉదారంగా ఉంటుంది. ప్రతివాది మొదటి కోర్టులోనే, విచారణాంశాలు నిర్ణయించేలోపు అభ్యంతరం చెప్పకపోతే, పొరపాటు వల్ల అన్యాయం జరిగిందని చూపలేకపోతే, పై కోర్టులు ఆ అభ్యంతరాన్ని ఆలకించవు. అట్లాగని ప్రతివాది మౌనంగా ఉంటాడన్న ఆశతో దావా వేయడం తెలివైన పని కాదు. బాకీ ఎగవేయదలచినవానికి కాలయాపనను మించిన ఆయుధం లేదు. అతని న్యాయవాది మొదట వెదికేది ఇటువంటి లోపాన్నే.

మొదటి ప్రశ్న: ఇది ఏ రకపు బాకీ?

గుంటూరులో ఒక మిరప వ్యాపారి ఉన్నాడనుకుందాం. నాగపూరులోని మరో వ్యాపారికి నాలుగు లక్షల రూపాయల సరుకు అరువు మీద పంపాడు. బంధువు ఒకరికి ప్రామిసరీ నోటు మీద నాలుగు లక్షలు చేబదులు ఇచ్చాడు. ఇంటి వాడకానికి నాలుగు లక్షలు పోసి సౌరవిద్యుత్ పలకలు పెట్టించుకుంటే అవి పనిచేయలేదు. మనిషి ఒక్కడే, మొత్తమూ ఒక్కటే. కాని అతడు వెళ్ళవలసిన చోట్లు మూడు.

సరుకు బాకీ ఇద్దరు వర్తకుల మధ్య అమ్మకానికి సంబంధించినది కనుక అది “వాణిజ్య వివాదం”. 2015 నాటి వాణిజ్య న్యాయస్థానాల చట్టం మొదట కోటి రూపాయలు, ఆపైన విలువ గల వివాదాలకే వర్తించేది. 2018 సవరణతో ఆ హద్దు మూడు లక్షలకు దిగింది. అంటే నాలుగు లక్షల సరుకు బాకీ కూడా వాణిజ్య కోర్టుకే వెళ్ళాలి. అత్యవసరమైన మధ్యంతర ఉత్తర్వు ఏదీ కోరకపోతే దావాకు ముందు న్యాయసేవాధికార సంస్థ ద్వారా మధ్యవర్తిత్వానికి ప్రయత్నించడం తప్పనిసరి. ఈ మెట్టు ఎక్కకుండా వచ్చిన దావాను తిరస్కరించవలసిందేనని సుప్రీం కోర్టు 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో తీర్పు చెప్పింది. మధ్యవర్తిత్వానికి పట్టిన కాలం దావా గడువులో లెక్కకు రాదు కనుక దీనివల్ల వాదికి నష్టం లేదు.

బంధువుకిచ్చిన చేబదులు వాణిజ్య వివాదం కాదు. అది మామూలు సివిల్ కోర్టుకే వెళుతుంది. ప్రామిసరీ నోటు ఉన్నది కనుక సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 37వ ఆర్డరు కింద సంక్షిప్త దావా వేయడానికి వీలుంటుంది. ఈ పద్ధతిలో ప్రతివాది సమన్లు అందిన పది రోజులలో హాజరు నమోదు చేసుకోవాలి. తరువాత ఎదురు వాదించడానికి కోర్టు అనుమతి సంపాదించాలి. చెప్పుకోదగిన వాదమేదీ లేనివానికి ఆ అనుమతి దొరకదు. నోటు, హుండీ, వ్రాతపూర్వకమైన ఒప్పందం ఉన్న నిశ్చితమైన బాకీలకే ఈ దారి తెరచి ఉంటుంది. నోటిమాట మీద ఇచ్చిన అప్పుకు ఈ సౌకర్యం లేదు.

ఇక సౌరపలకల సంగతి. ఇంటి వాడకానికి కొన్నవాడు వినియోగదారుడు. అతనికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. వస్తువుకు లేదా సేవకు చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్, 50 లక్షలు దాటి రెండు కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. ఇక్కడ చూసేది చెల్లించిన ధర మాత్రమే, కోరిన పరిహారం కాదు. 1986 నాటి పాత చట్టంలో కోరిన పరిహారం కూడా లెక్కలోకి వచ్చేది. కొత్త చట్టం చేసిన మరొక పెద్ద మేలు స్థలం విషయంలో. ఫిర్యాదుదారు తాను నివసించే లేదా ఉద్యోగం చేసే ఊరి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అమ్మకందారు ఎక్కడి దూరదేశపు కంపెనీ అయినా అతడే ఇక్కడికి రావాలి. ధర ఐదు లక్షల లోపైతే రుసుము కూడా లేదు. కాని గడువు రెండేళ్ళే. లాభార్జన కోసం తిరిగి అమ్మడానికి కొన్నవాడు ఈ చట్టపు నీడకు రాలేడు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొన్నవానికి మాత్రం మినహాయింపు ఉంది.

ఇవిగాక మరి కొన్ని ప్రత్యేక ద్వారాలున్నాయి. బ్యాంకులకూ ఆర్థిక సంస్థలకూ రావలసిన బాకీ 20 లక్షలు, ఆపైన ఉంటే అవి 1993 నాటి చట్టం కింద ఏర్పడిన రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి. 2018కి ముందు ఈ హద్దు పది లక్షలు. వ్యక్తులు ఇచ్చుకున్న అప్పులకు ఆ ట్రిబ్యునల్‌తో సంబంధం లేదు. ఒప్పందంలో మధ్యవర్తి ద్వారా పరిష్కరించుకోవాలన్న షరతు ఉంటే, ప్రతివాది తన మొదటి జవాబుకు ముందే ఆ సంగతి చూపించినప్పుడు, 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం కోర్టు ఇరుపక్షాలనూ అక్కడికే పంపిస్తుంది. బాకీపడినది ప్రభుత్వమైతే దావాకు ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. ఈ రెండు నెలలనూ గడువులో కలపరు.

రెండవ ప్రశ్న: మొత్తమెంత?

మామూలు సివిల్ కోర్టులకు వెళ్ళేవారు గుర్తుంచుకోవలసిన సూత్రం చిన్నది: దావాను విచారించడానికి అధికారమున్న కోర్టులలో అన్నిటికన్న కింది మెట్టు కోర్టులోనే దాన్ని దాఖలు చేయాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 15వ సెక్షను చెప్పేది ఇదే. “పెద్ద కోర్టుకు పోతే పని త్వరగా అవుతుంది” అన్న ఊహకు చట్టంలో చోటు లేదు.

తెలుగునాట ఒకప్పుడు జిల్లా మునసబు, సబ్ జడ్జి అన్న పేర్లతో వ్యవహరించిన కోర్టులే తరువాత జూనియర్ సివిల్ జడ్జి, సీనియర్ సివిల్ జడ్జి కోర్టులయ్యాయి. వాటిపైన జిల్లా కోర్టు. ఎంత మొత్తం వరకు ఏ కోర్టు అన్నది ఆయా రాష్ట్రాల చట్టాలు నిర్ణయిస్తాయి. ఒక రాష్ట్రపు హద్దు మరొక రాష్ట్రంలో చెల్లదు. రూపాయి విలువ మారినకొద్దీ ఈ హద్దులనూ పెంచుతూ వస్తున్నారు. ఢిల్లీలో 20 లక్షలు దాటిన దావాలు ఒకప్పుడు తిన్నగా హైకోర్టులోనే దాఖలయ్యేవి. 2015లో ఆ హద్దును రెండు కోట్లకు పెంచారు. పదేళ్ళ క్రితం ఎవరో దావా వేసిన అనుభవాన్ని నమ్ముకుని ఇప్పుడు కోర్టును నిర్ణయించుకోవడం ఇందువల్లనే ప్రమాదకరం.

మొత్తాన్ని లెక్కించేటప్పుడు అసలుతోపాటు దావా రోజు వరకు పేరుకున్న వడ్డీనీ కలపాలి. అసలును బట్టి కింది కోర్టు సరిపోతుందనుకున్నవాడు వడ్డీ కలిపేసరికి పై కోర్టుకు పోవలసివస్తుంది. ఆ రెండు కోర్టులలో కింది కోర్టే దగ్గరగా, సౌకర్యంగా ఉంటే వాది తన క్లెయిములో కొంత వదులుకుని ఆ హద్దులోకి రావడానికి చట్టం అనుమతిస్తుంది. కాని వదులుకున్నది వదులుకున్నట్లే. అలాగే ఒకే లావాదేవీ మీద రావలసిన సొమ్మును రెండు ముక్కలు చేసి, ఇప్పుడు ఒకటి, తరువాత ఒకటిగా దావాలు వేయడం కుదరదు. మొదటి దావాలో అడగకుండా విడిచిపెట్టిన భాగానికి రెండవ దావా నిలవదు.

మూడవ ప్రశ్న: ఏ ఊరి కోర్టు?

డబ్బు దావాలకు స్థలాన్ని నిర్ణయించేది 20వ సెక్షను. ప్రతివాది నివసించే చోట, వ్యాపారం లేదా ఉద్యోగం చేసే చోట దావా వేయవచ్చు. దావాకు కారణం పూర్తిగా గాని కొంత భాగం గాని పుట్టిన చోటనైనా వేయవచ్చు. ఈ జాబితాలో వాది నివాసం లేదన్న సంగతి గమనించాలి. “డబ్బు నాది, కనుక మా ఊరి కోర్టు” అన్న తర్కం ఇక్కడ పనికిరాదు. వినియోగదారుల చట్టం ఇచ్చిన వరం సాధారణ దావాలకు లేదు.

అయితే వాదిని ఆదుకునేది ఆ “కొంత భాగం” అన్న మాటే. ఒప్పందం ఎక్కడ కుదిరింది, సరుకు ఎక్కడ అప్పగించారు, డబ్బు ఎక్కడ చేతులు మారింది, తిరిగి ఎక్కడ చెల్లిస్తానన్నారు – వీటిలో ఏది జరిగిన ఊరైనా దావాకు చోటు కావచ్చు. గుంటూరులో ఒప్పందం కుదిరి, గుంటూరులోనే సరుకు అప్పగించి ఉంటే, నాగపూరు వ్యాపారి మీద గుంటూరులో దావా వేయడానికి అడ్డులేదు. అందుకే అప్పు పత్రంలోనూ, బిల్లులోనూ ఊరి పేరు వ్రాయడం కేవలం మర్యాద కాదు. రేపటి దావాకు అదే పునాది. ఎక్కడ వ్రాశారో తెలియని నోటు, ఎక్కడ ఇచ్చారో తెలియని సొమ్ము వాదిని ప్రతివాది ఊరికే నడిపిస్తాయి.

తనఖా మీద ఇచ్చిన అప్పు సంగతి వేరు. తాకట్టు ఆస్తిని అమ్మించి సొమ్ము రాబట్టదలచినప్పుడు ఆ భూమి లేదా ఇల్లు ఎక్కడ ఉంటే అక్కడి కోర్టుకే వెళ్ళాలి.

ప్రతివాది కంపెనీ అయితే ఏమిటి? ప్రధాన కార్యాలయం ఉన్న చోట దావా వేయవచ్చు. ఏదైనా శాఖ ఉన్న ఊరిలోనే దావాకు కారణం పుడితే ఆ శాఖ ఉన్న చోటనే కంపెనీ వ్యాపారం చేస్తున్నట్లు చట్టం భావిస్తుంది. ఏలకుల కేసులో సుప్రీం కోర్టు తీర్పుకు ఆధారం ఈ నియమమే. కారణమూ శాఖా ఒకే చోట ఉన్నప్పుడు, కేవలం ప్రధాన కార్యాలయం బొంబాయిలో ఉన్నదన్న కారణంతో బొంబాయి కోర్టుకు అధికారం రాదు. అధికారం లేని కోర్టుకు ఒప్పందం ద్వారా అధికారం కట్టబెట్టడం ఎవరి వల్లా కాదు.

ప్రతివాది విదేశంలో ఉన్నాడంటే ఇక ఆశ వదులుకోవలసినదేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అప్పు ఇక్కడ ఇచ్చి ఉంటే, కారణం ఇక్కడ పుట్టినది కనుక, ఇక్కడి కోర్టులోనే దావా వేయవచ్చు. బాకీదారు దేశంలో లేని కాలాన్ని గడువు నుంచి మినహాయించే నియమం కూడా ఉంది. ఎదురు దిశలో, అక్కడి కోర్టు తీర్పును ఇక్కడ అమలు చేయించడం ఆ దేశాన్ని బట్టి ఉంటుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌ను భారత ప్రభుత్వం 2020 జనవరిలో పరస్పర అమలు దేశాల జాబితాలో చేర్చింది. నిర్ణీతమైన అక్కడి కోర్టుల డబ్బు డిక్రీలను ఇక్కడి జిల్లా కోర్టు తన డిక్రీలాగానే అమలు చేయగలదు. అమెరికా ఆ జాబితాలో లేదు. అక్కడ తీర్పు పొందినవాడు దాని ఆధారంగా ఇక్కడ మళ్ళీ దావా వేయవలసినదే.

రసీదుపై చిన్న అక్షరాలు

బిల్లు అడుగునో, రసీదు వెనుకనో చిన్న అక్షరాలలో “వివాదాలు ఫలానా ఊరి కోర్టు పరిధికి లోబడి ఉంటాయి” అని ముద్రించడం మన వ్యాపార సంప్రదాయం. దీని బలమెంత?

1971లో హకం సింగ్ కేసులో సుప్రీం కోర్టు ఒక గీత గీసింది. చట్టం ప్రకారం రెండు కోర్టులకూ అధికారమున్నప్పుడు వాటిలో ఒకదానినే ఎంచుకుంటూ ఇరుపక్షాలు ఒప్పందం చేసుకోవచ్చు, అది చెల్లుతుంది. అసలు అధికారమే లేని కోర్టును ఎంచుకుంటే ఆ షరతుకు విలువ లేదు.

తరువాత వివాదం మాటల మీదికి వచ్చింది. సేలంలోని సంస్థ ఒకటి గుజరాత్‌లోని సంస్థ నుంచి లోహపు నూలు కొనడానికి ఒప్పందం కుదుర్చుకున్నది. తగాదాలు కైరా పరిధికి లోబడి ఉంటాయని అందులో షరతు. సేలంలో దావా పడింది. 1989లో సుప్రీం కోర్టు ఆ షరతు సేలం కోర్టును స్పష్టంగా మినహాయించలేదనీ, కనుక సేలంలో దావా నిలుస్తుందనీ తేల్చింది. “మాత్రమే”, “కేవలం” వంటి మాటలు ఉంటే సందేహానికి తావుండదని న్యాయవాదులు అప్పటినుంచి చెబుతూ వచ్చారు. కాని 2013లో స్వస్తిక్ గ్యాసెస్ కేసులో అదే న్యాయస్థానం, “మాత్రమే” అన్న మాట లేనంత మాత్రాన ఫరవాలేదనీ, ఒక ఊరిని పేర్కొనడంలోనే మిగతా ఊళ్ళను తోసిపుచ్చే ఉద్దేశం కనబడవచ్చుననీ తీర్పు చెప్పింది. సామాన్యుడు దీనినుంచి నేర్చుకోవలసినది ఒక్కటే: సంతకానికి ముందే ఆ చిన్న అక్షరాలు చదవాలి. పదివేల బాకీ కోసం ఎనిమిది వందల మైళ్ళ దూరంలోని కోర్టుకు తిరగవలసిన స్థితి వచ్చాక చదివి ప్రయోజనం లేదు.

నాలుగవ ప్రశ్న: గడువు ఎంత మిగిలింది?

తప్పు కోర్టును ఎంచుకున్నవానికి కలిగే నష్టం కేవలం ప్రయాణపు ఖర్చయితే ఇంత చర్చ అవసరముండేది కాదు. అసలు ప్రమాదం కాలంలో ఉంది. 1963 నాటి కాలపరిమితి చట్టం డబ్బు దావాలలో చాలావాటికి మూడేళ్ళు మాత్రమే గడువిస్తుంది. గడువు దాటితే ప్రతివాది నోరు విప్పకపోయినా దావాను కొట్టివేయడం కోర్టు విధి.

ఈ మూడేళ్ళు ఎప్పటినుంచి మొదలవుతాయన్న విషయంలో జనంలో పెద్ద అపోహ ఉంది. “అడిగినప్పుడు ఇస్తాను” అని వ్రాసిన నోటుకు, అడిగిన రోజునుంచి గడువు మొదలవుతుందని అనుకుంటారు. చట్టం అలా చెప్పదు. కోరినప్పుడు చెల్లించవలసిన నోటుకు, వేరే షరతు వ్రాసుకోకపోతే, నోటు వ్రాసిన తేదీనుంచే గడువు నడుస్తుంది. సరుకు బాకీకి అరువు గడువు పెట్టుకోనప్పుడు సరుకు అప్పగించిన తేదీనుంచి, పెట్టుకుంటే ఆ అరువు గడువు ముగిసిన తేదీనుంచి లెక్క.

మూడేళ్ళు నిండేలోపు నోటు తిరగ వ్రాయించుకోవడం, కొంత సొమ్ము పుచ్చుకుని నోటు వెనుక చెల్లు వేయించుకోవడం పల్లెల్లో పెద్దలెరిగిన పద్ధతి. దాని వెనుక చట్టమే ఉంది. గడువులోగా బాకీదారు సంతకంతో బాకీని ఒప్పుకుంటూ వ్రాసిచ్చినా, కొంత సొమ్ము చెల్లించి ఆ చెల్లును తన దస్తూరీతో గాని సంతకంతో గాని నమోదు చేసినా, అక్కడినుంచి కొత్త గడువు మొదలవుతుంది. గడువు దాటిన తరువాత చేసిన ఒప్పుకోలుకు ఆ శక్తి లేదు.

ఇప్పుడు తప్పు కోర్టు సంగతి చూడాలి. అధికారం లేదని తేలినప్పుడు కోర్టు దావా పత్రాన్ని వాదికి తిరిగి ఇచ్చి, సరియైన కోర్టులో దాఖలు చేసుకోమంటుంది. అప్పటికి సాక్ష్యాలన్నీ ముగిసినా సరే, కొత్త కోర్టులో విచారణ మొదటినుంచి జరగవలసినదేనని సుప్రీం కోర్టు 2020లో ఒక తీర్పులో స్పష్టం చేసింది. పాత కోర్టులో గడిచిన ఏళ్ళు ఆ రకంగా నీటిపాలు.

గడువు మాటేమిటి? తప్పు కోర్టులో గడిచిన కాలాన్ని మినహాయించే వీలు 14వ సెక్షనులో ఉంది. కాని అది హక్కుగా దొరికే భిక్ష కాదు. వాది సద్బుద్ధితో, తగిన శ్రద్ధతో ఆ కేసు నడిపి ఉండాలి. జాగ్రత్త లేని పని సద్బుద్ధితో చేసినది కాదని ఆ చట్టమే నిర్వచించింది. షరతు కళ్ళెదుట ఉన్నా చదవనివాడు, అభ్యంతరం వచ్చినా మొండికేసినవాడు ఈ సెక్షను కింద ఆశ్రయం పొందుతాడన్న హామీ లేదు. నోటుకు ఇంకా రెండు వారాలే గడువుండగా తప్పు కోర్టులో దావా వేసిన మనిషి తన సొమ్మంతటినీ ఈ ఒక్క సెక్షను మీద పణంగా పెట్టినట్లే.

చెక్కు తిరిగి వస్తే

బాకీకిచ్చిన చెక్కు ఖాతాలో డబ్బు లేక తిరిగివస్తే చాలామంది తిన్నగా క్రిమినల్ కోర్టుకు పరుగెత్తుతారు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద అది నేరం. రెండేళ్ళ వరకు శిక్ష, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా విధించవచ్చు. ఇక్కడ గడువులు మరీ బిగుతు. చెక్కు తిరిగివచ్చిందని బ్యాంకు తెలిపిన 30 రోజులలో వ్రాతపూర్వకమైన నోటీసు ఇవ్వాలి. అది అందిన 15 రోజులలో డబ్బు రాకపోతే, ఆపైన ఒక నెలలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి.

ఈ కేసు ఎక్కడ వేయాలన్న ప్రశ్న దేశమంతటినీ ఒక ఊపు ఊపింది. చెక్కు ఏ బ్యాంకు శాఖపై వ్రాశారో ఆ శాఖ ఉన్న చోటనే ఫిర్యాదు చేయాలని 2014లో సుప్రీం కోర్టు దశరథ్ రూప్‌సింగ్ కేసులో తీర్పు చెప్పింది. ఎన్నో ఫిర్యాదులు ఒక ఊరినుంచి మరో ఊరికి తరలవలసివచ్చింది. మరుసటి ఏడే పార్లమెంటు చట్టాన్ని సవరించింది. ఖాతా ద్వారా వసూలుకు పంపిన చెక్కు విషయంలో, సొమ్ము రావలసినవాని ఖాతా ఏ శాఖలో ఉంటే ఆ ప్రాంతపు కోర్టులోనే ఫిర్యాదు చేయవచ్చు.

ఈ ఫిర్యాదు వేసినంత మాత్రాన సివిల్ దావా అవసరం తీరిందనుకోకూడదు. క్రిమినల్ కేసు నడుస్తున్నదని సివిల్ దావాకున్న మూడేళ్ళ గడువు ఆగదు. రెండు దారులూ పక్కపక్కనే సాగే వేర్వేరు దారులు.

గెలిచిన తరువాత

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడని సామెత. డిక్రీ అంటే డబ్బు కాదు, డబ్బు రాబట్టుకునే అధికారం మాత్రమే. తన హద్దులకు వెలుపల ఉన్న మనిషి మీద గాని ఆస్తి మీద గాని ఏ కోర్టూ డిక్రీని స్వయంగా అమలు చేయలేదు. ఆస్తి ఉన్న ఊరి కోర్టుకు డిక్రీని బదిలీ చేయించుకోవాలి. రెండు ఊళ్ళలో ఎక్కడైనా దావా వేసే వీలున్నప్పుడు, బాకీదారు ఇల్లు, కొట్టు, జీతం ఎక్కడ ఉన్నాయో చూసి కోర్టును ఎంచుకోవడం ఈ రెండవ ప్రయాణాన్ని తప్పిస్తుంది.

జప్తుకూ హద్దులున్నాయి. జీతంలో మొదటి వెయ్యి రూపాయలనూ, మిగిలినదానిలో మూడింట రెండు వంతులనూ ముట్టుకోరాదు. జప్తుకు లెక్కించే జీతం 31,000 రూపాయలైతే నెలకు జప్తు చేయగలిగినది 10,000. అదీ ఒకే డిక్రీకి మొత్తం 24 నెలలకు మించి సాగదు. సేద్యగాని పనిముట్లు, అతడు నివసించే ఇల్లు జప్తుకు రావు. డిక్రీ అమలుకు గడువు పన్నెండేళ్ళు. చేతికి వచ్చేదెంత, పట్టే కాలమెంత అన్న లెక్క దావాకు ముందే వేసుకున్నవాడు కొన్ని సందర్భాలలో రాజీయే మేలని గ్రహిస్తాడు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం కింద జరిగే లోక్ అదాలత్‌లో, దావా వేయకముందు కూడా రాజీ కుదుర్చుకోవచ్చు. అక్కడి అవార్డుకు డిక్రీతో సమానమైన విలువ ఉంది, దానిపై అప్పీలు లేదు. అదే చట్టం స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, మరికొన్ని వర్గాలకు ఉచిత న్యాయసహాయం పొందే అర్హత కల్పించింది.

న్యాయవాది వద్దకు వెళ్ళేముందు బాకీ మనిషి చేయవలసిన పని ఒక కాగితం మీద ఐదు వాక్యాలు వ్రాసుకోవడం. ఇది చేబదులా, సరుకు బాకీయా, వినియోగదారుగా కొన్న వస్తువు సంగతా? ఈనాటికి వడ్డీతో కలిపి ఎంత? డబ్బు లేదా సరుకు ఏ ఊళ్ళో చేతులు మారింది, పత్రంపై ఏ ఊరి కోర్టు పేరు ఉంది? నోటు తేదీ, చివరి చెల్లు తేదీ ఏమిటి? బాకీదారు ఆస్తి ఎక్కడ ఉంది? ఈ ఐదింటికీ జవాబులు పత్రాలతో సహా ముందుంటే ఏ కోర్టు అన్నది సాధారణంగా ఒక్క కూర్చోబాటులో తేలిపోతుంది. ఆ ఒక్క పూట శ్రమ పడనివాడు, తనకు రావలసిన బాకీ నిజమేనని నిరూపించుకునే అవకాశం రావడానికే ఏళ్ళ తరబడి వేచి ఉండవలసివస్తుంది.